తమ్ముడికే ఎందుకలా అయింది? లోపం మా పుట్టింటి రక్తంలోనే ఉందా?

గుంటూరు నుంచి ఒక టీచర్ రాశారు. పేరు, పేట ఏవీ వేయొద్దన్నారు. ఉత్తరం పొడవైనది, అందుకే కుదించి చెబుతున్నాను.

ఆమె వయసు 37. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. భర్తకు విజయవాడలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తారు. ఇంట్లో తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు, అత్తగారు ఉంటారు. పోయిన ఏడాది వినాయక చవితికి ముందు స్కూల్లో సగం క్లాసు జ్వరాలతో రాలేదు. ముందు ఆమెకు జ్వరం తగిలింది, తర్వాత పిల్లలకు, ఆపైన అత్తగారికి. నాలుగైదు రోజుల్లో అందరూ లేచి తిరిగారు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చి అక్క ఇంట్లో రెండు రోజులున్న తమ్ముడు మాత్రం మంచం పట్టాడు. 29 ఏళ్ల కుర్రాడు, రోజూ జిమ్‌కి వెళ్లేవాడు. తెనాలిలో అమ్మ దగ్గరికి వెళ్లాక జ్వరం మొదలైంది. అక్కడి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేసి, సెలైన్ ఎక్కించి, యాంటీబయోటిక్ ఇచ్చాడు. అయిదో రోజు ఆయాసపడుతుంటే గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెచ్చారు. స్వాబ్‌లో హెచ్1ఎన్1 అనే రకం ఫ్లూ అని తేలింది. పది రోజులకు పైగా వెంటిలేటర్ మీద ఉండి బయటపడ్డాడు. అమ్మ బంగారం ఇంకా తాకట్టులోనే ఉంది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. వాళ్ల వారి పిన్ని కొడుకు ఒకాయన బయోటెక్నాలజీ చదివి బెంగళూరులో ఉంటున్నాడు. ఆయన ఫోన్లో, "మన కణాల్లో ఐఎఫ్ఐటీఎం3 అని ఒక ప్రోటీన్ ఉంటుంది వదినా, ఫ్లూని అదే ఆపుతుంది. అది సరిగా లేనివాళ్లకే ఇలా అవుతుంది. నీకూ పిల్లలకూ జీన్ టెస్ట్ చేయించు" అన్నాడు. ఆ మాట అత్తగారి చెవిన పడింది. "మీ పుట్టింటి రక్తంలోనే శక్తి లేదు, నా మనవలకీ అదే అంటింది" అని మొదలుపెట్టారు. భర్త ఏమీ అనరు, "టెస్టేదో చేయిస్తే గొడవ వదులుతుంది కదా" అంటారు. అందరికీ ఆ టెస్ట్ ప్యాకేజీ అంటే ఆమె నెల జీతం. ఆ మరిదే ఇంకో మాట కూడా అన్నాడట: కణాలకు సొంత ప్రోటీన్లు ఉండగా ఫ్లూ టీకా దండగ అని. ఇవి చాలవన్నట్టు తమ్ముడికి విజయవాడ సంబంధం ఒకటి దాదాపు కుదిరింది. శ్రావణంలో ముహూర్తం అనుకుంటున్నారు. పిల్ల తరఫువాళ్లకు ఈ వెంటిలేటర్ సంగతి ఇంకా తెలియదు.

ఆమె అడిగినవి మూడు. తమ్ముడికి జబ్బు నేనే అంటించానా? పిల్లలకు టెస్ట్ చేయించాలా? సంబంధం వాళ్లకు చెప్పాలా? చివర్లో చిన్న అక్షరాలతో ఇంకోటి: అత్తగారు అప్పటినుంచి ఇంట్లో చికెన్ వండనివ్వడం లేదు, అందులో ఏమైనా అర్థముందా?

అమ్మా,

నేను చాలాకాలం మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పినవాణ్ణి. మీ తమ్ముణ్ణి చూసిన డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

మీరు మొదట అడిగిన ప్రశ్నకు రుజువుతో జవాబు ఎవరూ ఇవ్వలేరు. ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జ్వరం వస్తుంది. జ్వరానికి ముందు రోజు నుంచే మనిషి దాన్ని ఇతరులకు అంటించగలడు. మీ తమ్ముడు పండగ రద్దీలో హైదరాబాద్ నుంచి ప్రయాణం చేసి వచ్చాడు. మీ ఇంట్లో అప్పటికి నలుగురికి జ్వరాలు, పిల్లలైతే పెద్దవాళ్లకంటే ఎక్కువ రోజులు వైరస్ వదులుతుంటారు. మీ దగ్గరే అంటి ఉండొచ్చు, బస్సులోనూ అంటి ఉండొచ్చు. మీ దగ్గరే అంటిందనుకున్నా, అది మీ పిల్లల్నీ మీ అత్తగార్నీ నాలుగు రోజుల్లో వదిలేసిన వైరసే. మీరు ఇచ్చింది జ్వరం అయితే అయి ఉండొచ్చు. వెంటిలేటర్ దాకా వెళ్లడానికి వేరే కారణాలు కావాలి, అవి మీ చేతిలో లేనివి.

ఆ కారణాల్లో ఒకటి మీ మరిది చెప్పిన ప్రోటీన్ల సంగతి. ఆయన చెప్పింది అబద్ధం కాదు. సగం చెప్పాడు, ఆ సగం మీ ఇంట్లో నిప్పు పెట్టింది. మిగతా సగం నేను చెబుతాను. కాస్త ఓపికగా చదవండి, మీ అత్తగారికి జవాబు కూడా ఇందులోనే ఉంది.

ఫ్లూ వైరస్ మన శ్వాసనాళాల్లోని కణాల మీద ఉండే సయాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుని అంటుకుంటుంది. కణం దాన్ని చిన్న తిత్తిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. ఆ తిత్తి లోపలికి పోయేకొద్దీ అందులో ఆమ్లగుణం పెరుగుతుంది. వైరస్‌కు కావలసిందీ అదే. దాని పైనున్న హెమాగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఆ ఆమ్లానికి రూపం మార్చుకుని, వైరస్ పొరను తిత్తి పొరతో కలిపేస్తుంది. దారి తెరుచుకుని వైరస్ జన్యుపదార్థం, ఎనిమిది ఆర్ఎన్ఏ ముక్కలు, కణంలోకి జారుకుంటాయి. ఐఎఫ్ఐటీఎం3 పనిచేసేది సరిగ్గా ఈ చోటే. అది తిత్తి పొరలో కూర్చుని రెండు పొరలూ కలవకుండా అడ్డుకుంటుంది. దారి తెరుచుకోక వైరస్ ఆ తిత్తిలోనే ఉండిపోయి నాశనమవుతుంది. 133 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ అది. ఫ్లూ మీద దాని పనితనం 2009లో బయటపడింది. హార్వర్డ్‌లో స్టీఫెన్ ఎలెడ్జ్ ప్రయోగశాలలో అబ్రహాం బ్రాస్, ఆయనతో పనిచేసినవాళ్లు మనిషి కణాల్లో జన్యువులను ఒక్కొక్కటిగా పనిచేయకుండా చేసి, ఫ్లూ వైరస్ వదిలి, ఏది లేకపోతే వైరస్ పెచ్చుమీరుతుందో చూశారు.

అయితే ఆ కాపలా దాటే వైరస్‌లు ఎప్పుడూ ఉంటాయి. వాటికోసం లోపల రిగ్-ఐ అనే ఇంకో ప్రోటీన్ ఉంది. వైరస్ ఆర్ఎన్ఏ కొసలో మన ఆర్ఎన్ఏకి లేని ఒక గుర్తు ఉంటుంది, రిగ్-ఐ దాన్ని పట్టేస్తుంది. పట్టగానే కణం ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారుచేసి బయటికి వదులుతుంది. ఒక ఇంట్లో దొంగ పడ్డాడని కేక వినపడితే వీధంతా తలుపులు గడియ వేసుకున్నట్టు, ఆ కబురు అందిన చుట్టుపక్కల కణాలన్నీ వందల జన్యువులను ఒక్కసారిగా పనిలోకి దించుతాయి. ఐఎఫ్ఐటీఎం3 కూడా అప్పుడే ఇంకా ఎక్కువగా తయారవుతుంది. ఎంఎక్స్ఏ అనే మరో ప్రోటీన్ వచ్చి, కణంలోకి దూరిన వైరస్ ముక్కలను పట్టుకుని, వాటి పని సాగకుండా చేస్తుంది.

ఈ ఇంటర్‌ఫెరాన్‌ను మొదట కనిపెట్టింది కూడా ఫ్లూ వైరస్‌తోనే. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు కోడిగుడ్డు లోపలి పొర మీద వేడితో చంపిన ఫ్లూ వైరస్ వేశారు. ఆ పొర నుంచి ఊరిన ద్రవాన్ని కొత్త పొరకు పూస్తే, బతికున్న వైరస్ వేసినా పెరగలేదు. అదే లిండెన్‌మన్ 1962లో ఒక జాతి ఎలుకలకు ఫ్లూ ఎక్కించినా చావడం లేదని గమనించాడు. ఆ ఎలుకల్లో ఉన్నది ఎంఎక్స్ఏ లాంటి ప్రోటీన్‌ను తయారుచేసే ఎంఎక్స్ జన్యువేనని తర్వాత తేలింది. ప్రయోగశాలల్లో వాడే మామూలు ఎలుకల్లో చాలావాటికి ఆ జన్యువు చెడిపోయి ఉంటుంది, అందుకే అవి ఫ్లూకి తేలిగ్గా చస్తాయి.

మీకు ఒళ్లు నొప్పులు, నీరసం, జ్వరం తెప్పించింది చాలావరకు ఈ కబుర్ల గందరగోళమే. వెనక హెపటైటిస్‌కి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే అడగండి, ప్రతి ఇంజెక్షన్‌కీ ఫ్లూ వచ్చినట్టే ఉండేదని చెబుతారు. కాబట్టి టీవీలో 'ఇమ్యూనిటీ పెంచే' పొడుల ప్రకటన చూసినప్పుడు ఒకటి అడగండి: దేన్ని పెంచుతారు, ఎంత పెంచుతారు? ఈ స్పందన తక్కువైతే వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, హద్దు మీరితే ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. ఆ పొడుల డబ్బుతో ఏం చేయాలో కింద చెబుతాను.

ఇప్పుడు మీ మరిది మాట. 2012లో బ్రిటన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ అనే జన్యు పరిశోధన సంస్థ వాళ్లు, మరికొందరు కలిసి ఐఎఫ్ఐటీఎం3 లేని ఎలుకలకు ఫ్లూ ఎక్కిస్తే అవి మామూలు ఎలుకల కంటే చాలా తీవ్రంగా జబ్బుపడ్డాయని చూపించారు. ఫ్లూతో ఆసుపత్రిలో చేరిన 53 మంది జన్యువులు చూస్తే, ఆ జన్యువులో ఒక అక్షరం తేడా ఉన్నవాళ్లు మామూలు జనంలో కంటే ఎక్కువ కనిపించారు. ఆ మరుసటి ఏడాది చైనాలో చేసిన అధ్యయనమూ అదే చెప్పింది, ఆ తేడా అక్కడి జనాభాలో చాలా మామూలు కూడా. మీ మరిది చదివింది ఇక్కడిదాకే అనుకుంటాను. తర్వాత యూరప్ ప్రజల్లో చేసిన కొన్ని అధ్యయనాల్లో ఆ సంబంధం కనిపించలేదు. ఆ తేడా ఉన్న కోట్లమంది ఏటా ఫ్లూ తెచ్చుకుని, మీలాగే నాలుగు రోజులు పడుకుని లేస్తున్నారు. అది ప్రమాదాన్ని కాస్త అటూ ఇటూ జరిపే విషయమే తప్ప, ఒక మనిషి ఏమవుతాడో చెప్పే జాతకం కాదు.

నిజంగా ఒక్క జన్యువే కొంప ముంచిన సందర్భాలూ ఉన్నాయి, కానీ చాలా అరుదు. 2015లో ఒక చిన్నపాప గురించి అచ్చయింది. రెండున్నరేళ్ల వయసులో మామూలు ఫ్లూతో ఊపిరి అందని స్థితికి వెళ్లింది. ఆమెకు ఐఆర్ఎఫ్7 అనే ప్రోటీన్ పనిచేయడం లేదని, అందువల్ల ఇంటర్‌ఫెరాన్ సరిగా తయారుకావడం లేదని తేలింది. ఆ జన్యువు చెడిన కాపీ ఒకటి తల్లి నుంచి, ఇంకొకటి తండ్రి నుంచి వచ్చింది. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఈ సంగతి మీ అత్తగారి వాదనకు జవాబుగా బాగా పనికొస్తుంది, కాసేపట్లో దీనికి మళ్లీ వస్తాను.

జన్యువులతో పనిలేకుండా కూడా ఇదే జరగొచ్చు. కొందరి ఒంట్లో తమ ఇంటర్‌ఫెరాన్ మీదే యాంటీబాడీలు తయారై దాన్ని పనిచేయనివ్వవు. కోవిడ్ రోజుల్లో ఇది బయటపడింది. 2022లో, 70 ఏళ్ల లోపు వయసులో ప్రాణాల మీదికి వచ్చిన ఫ్లూ న్యుమోనియా రోగుల్లోనూ దాదాపు 5 శాతం మందిలో అవి కనిపించాయి. ఇవేవీ లేకపోయినా లావుగా ఉండటం, షుగర్, ఆస్తమా, పొగతాగడం, ఎంత వైరస్ లోపలికి వెళ్లింది, చిన్నప్పుడు ఏ రకం ఫ్లూ మొదట తగిలింది, ఫ్లూ మీద ఇంకో బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చి పడిందా, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. జిమ్ చేసినంత మాత్రాన ఈ లెక్కలేవీ పోవు.

ఇంకొకటి మీరు రాశారు గానీ దాని మీద ఆగలేదు. నాలుగు రోజులు ఇంజెక్షన్, సెలైన్, యాంటీబయోటిక్. యాంటీబయోటిక్ వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూకి ఒసెల్టమివిర్ అనే మందు ఉంది, లక్షణాలు మొదలైన 48 గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది. తీవ్రంగా ఉన్నవాళ్లకు ఆలస్యంగా అయినా ఇస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఆ మందు పడి ఉంటే వెంటిలేటర్ తప్పేదని నేను అనలేను. మీ అమ్మగారి మీద నింద వేయడానికి కూడా ఇది చెప్పడం లేదు, ఊళ్లో జ్వరమొస్తే అందరం ముందు వెళ్లేది అక్కడికే. కానీ 'మా రక్తంలో ఏముందో' అని వెతికేవాళ్లు ముందు ఈ నాలుగు రోజుల్ని చూడాలి. వచ్చేసారి మీరు మార్చగలిగిన వాటిలో ఇది ముఖ్యమైనది.

మీ అత్తగారు చెప్పే రక్తం లెక్క చూద్దాం. మీరు లెక్కల టీచరు కాబట్టి ఇది మీకు సులువు. మీ పిల్లల జన్యువుల్లో సగం మీవి, సగం మీ వారివి. ఇందాక చెప్పిన ఆ పాపకు కూడా లోపం వచ్చింది తల్లి వైపు నుంచి ఒక్కటే కాదు, ఇద్దరి నుంచీ. మేనమామతో మీ పిల్లలకు కలిసే జన్యువులు సగటున పావు వంతు. నాయనమ్మతో కలిసేవీ పావు వంతే. పైగా మీ పిల్లలకు, మీకు, మీ అత్తగారికి అదే జ్వరం వచ్చి అదే నాలుగైదు రోజుల్లో పోయింది. ఆ ఇంట్లో చూసిన సాక్ష్యమంతా పిల్లల కణాలు తమ పని తాము చేశాయనే చెబుతోంది. ఆవిడతో ఈ వాదన పెట్టుకోమని నేను అనను, గెలిచినా ఇంట్లో మీరే ఓడతారు. మీ వారికి మాత్రం చెప్పండి, ఆ పావు వంతు లెక్కతో సహా. ఆ తర్వాత వాళ్లమ్మతో మాట్లాడాల్సింది ఆయనే. "టెస్ట్ చేయిస్తే గొడవ వదులుతుంది" అనడం ఆ మాట తప్పించుకోవడమే.

ఇక టెస్ట్. మీ ముందు మూడు దారులున్నాయి.

ఆ ప్యాకేజీ కొనడం ఒకటి. ఐఎఫ్ఐటీఎం3లో తేడా ఉందని వచ్చిందనుకోండి. దానికి మందు లేదు, చేయగలిగింది ఏటా టీకా, జ్వరమొస్తే తొందరగా డాక్టరు. తేడా లేదని వచ్చినా చేయాల్సింది అవే. కానీ మొదటి రిపోర్టు వస్తే అది మీ అత్తగారి బీరువాలో చేరుతుంది. మీ పాపకు పాతికేళ్లు వచ్చినప్పుడు సంబంధాల దగ్గర ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు. రెండోది వస్తే, "మాకేం కాదు" అనే ధీమాతో టీకా మానేస్తారు, జ్వరమొచ్చినా ఆగుతారు. రెండు రకాలుగానూ నష్టమే కనిపిస్తోంది నాకు. పైగా ఆ రిపోర్టు పిల్లలది. పెద్దయ్యాక తమ జన్యువుల సంగతి తెలుసుకోవాలో వద్దో వాళ్లు నిర్ణయించుకునే హక్కును నెల జీతంతో ఇప్పుడే కొనేస్తున్నారు మీరు.

రెండోది, పిల్లల్ని వదిలేసి, తమ్ముడి విషయంలో డాక్టర్ని అడగడం. దీనికి అర్థముంది, కానీ కొన్ని ప్రశ్నలకు జవాబు అవును అయితేనే. మీ అమ్మానాన్నలది మేనరికమా, దగ్గరి సంబంధమా? తమ్ముడికి చిన్నప్పుడు కూడా వైరస్ జబ్బులు ఆసుపత్రి దాకా తీసుకెళ్లాయా? మీ ఇంట్లో చిన్నవయసులో ఇలాగే ఎవరైనా పోయారా? మన జిల్లాల్లో మేనరికాలు తక్కువేం కావు. దగ్గరి చుట్టాల పెళ్లిలో ఒకే చెడిన జన్యువు ఇద్దరి నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది, ఆ ఐఆర్ఎఫ్7 లాంటి అరుదైన లోపాలు బయటపడేది ఎక్కువగా అలాంటి చోటే. జవాబు అవును అయితే తమ్ముడు ఇమ్యునాలజీ తెలిసినవాళ్లను గానీ, మెడికల్ జెనెటిక్స్ డాక్టర్ని గానీ కలవాలి. ఏ పరీక్ష అవసరమో వాళ్లు చెబుతారు. ఆన్‌లైన్ ప్యాకేజీ ఆ పని చేయదు.

మూడోది ఏ టెస్టూ చేయించకపోవడం. పై ప్రశ్నలన్నిటికీ జవాబు లేదు అయితే నేను ఎంచుకునేది ఇదే. దీనికీ ఒక ఖరీదు ఉంది. 'తమ్ముడికే ఎందుకు' అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది, మీరు దానితో సర్దుకోవాలి. కొన్నాళ్లు నిద్రపట్టదు కూడా. టెస్ట్ చేయించినా చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబు రాదు, అది కూడా లెక్కలో వేసుకోండి.

టీకా విషయంలో మాత్రం మీ మరిదితో నేను పూర్తిగా విభేదిస్తాను. బయోటెక్ చదివినాయన ఆ మాట ఎలా అన్నాడో నాకు అర్థం కాలేదు. కణంలో అన్ని ప్రోటీన్లున్నా ఫ్లూ మనకు ఎందుకు వస్తోంది? వైరస్ దగ్గర ఎన్ఎస్1 అని ఒక ప్రోటీన్ ఉంది. అది రిగ్-ఐ కబురు పంపకుండా నోరు నొక్కేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ ఆలస్యమవుతుంది, ఆ కొన్ని గంటల్లో వైరస్ లక్షల్లో పెరుగుతుంది. టీకా వల్ల వచ్చే యాంటీబాడీలు హెమాగ్లుటినిన్‌ను పట్టుకుని, వైరస్‌ను కణానికి అంటుకోకుండానే ఆపుతాయి. కణం లోపలి ఆ కాపలాలకు పని తగ్గుతుంది. ఇందాక చెప్పిన ఆ పాపకు ఇంటర్‌ఫెరాన్ లోపం ఉన్నా, తర్వాత ఏటా టీకా వేయించారు, మళ్లీ అంత తీవ్రమైన ఫ్లూ రాలేదు. లోపం ఉందేమో అని భయపడే ఇంటికి టీకా ఇంకా ఎక్కువ అవసరం.

అది కవచం కాదు. వైరస్ రకాలకు టీకా బాగా సరిపోయిన ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినంత జబ్బును 40 నుంచి 60 శాతం వరకు తగ్గిస్తుంది, సరిపోని ఏడాది ఇంకా తక్కువ. వేయించుకున్నా జ్వరం రావొచ్చు, కానీ ఆసుపత్రి దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. మన దేశంలో ఫ్లూ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో ఒకసారి పుంజుకుంటుంది, కాబట్టి వానలకు ముందే వేయిస్తే మేలు. వైరస్ మారుతుంటుంది కాబట్టి ఏటా వేయించాలి. ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, డబ్బు పెట్టాలి. ఆ ఇమ్యూనిటీ పొడుల డబ్బు ఇక్కడ పెట్టండి. మీ బాబుకు ఇంతకుముందు ఎప్పుడూ ఫ్లూ టీకా వేయించకపోతే మొదటి ఏడాది నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. పాపకు తొమ్మిది నిండాయి కాబట్టి ఒకటి చాలు. ఇంట్లో మొదట వేయించాల్సింది తమ్ముడికి, మీ అత్తగారికి, తెనాలిలో అమ్మకు. రోజూ పిల్లల మధ్య ఉండే మీకూ. అందరికీ ఒకేసారి కుదరకపోతే ఆ వరసలో వెళ్లండి.

చికెన్ సంగతి. మీ ఇంట్లో వచ్చింది మనుషుల మధ్య తిరిగే హెచ్1ఎన్1, దానికీ చికెన్‌కీ సంబంధం లేదు. మీ అత్తగారి భయం బర్డ్ ఫ్లూ నుంచి వచ్చి ఉంటుంది, అందుకు కారణమూ ఉంది. 2025లో గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చాయి, పల్నాడులో ఒక పసిపాప ఆ వైరస్‌తోనే చనిపోయింది. పచ్చిమాంసం, చచ్చిన కోళ్లు ముట్టుకోకపోవడం, పిల్లల్ని వాటి దగ్గరికి పోనివ్వకపోవడం మంచిదే. బాగా ఉడికిన కూరలో వైరస్ బతకదు. పక్షుల ఫ్లూ మనుషులకు అంత తేలిగ్గా ఎందుకు అంటదో తెలిసిన ఒక కారణం మళ్లీ మన కణాల ప్రోటీనే. బీటీఎన్3ఏ3 అని, పక్షి ఫ్లూ రకాల్లో చాలావాటిని మన శ్వాసనాళాల్లో పెరగనివ్వదని 2023లో గ్లాస్గో శాస్త్రవేత్తలు చూపించారు. 1918 నాటి మహమ్మారి దగ్గర్నుంచి మనుషుల్లో ప్రబలిన రకాలు దాన్ని తప్పించుకోవడం నేర్చినవే. ఆదివారం కూర వండించుకోండి.

సంబంధం విషయంలో మీ ఉత్తరంలో ఎక్కువ భయం ఉంది. చెప్పకుండా పెళ్లి చేస్తే మొదటి నెలలోనే తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఉండే కుర్రాడు మెట్లెక్కితే ఆయాసపడటం, గొంతు దగ్గర ట్యూబ్ పెట్టిన మచ్చ ఉంటే అది, తాకట్టులో ఉన్న బంగారం, వీటిలో ఏదో ఒకటి నోరు విప్పుతుంది. అప్పుడు గొడవ జబ్బు గురించి ఉండదు, దాచారన్న దాని మీద ఉంటుంది. అది ఆ పిల్లకూ అన్యాయం. పెద్దల మధ్యవర్తితో చెప్పిస్తే ఇంకో ప్రమాదం ఉంది. "వెంటిలేటర్" అన్న మాట విజయవాడ చేరేలోగా "ఊపిరితిత్తులు పోయాయట, వంశంలోనే ఉందట" అయిపోతుంది. మీ ఇంట్లోనే ఒక ఫోన్ కాల్ ఏమైందో చూశారు కదా.

నాకు నచ్చే దారి, తమ్ముడే ఆ అమ్మాయితో ముందు మాట్లాడటం, ఆ తర్వాత పెద్దలు. అతని జబ్బు, అతని జీవితం, చెప్పాల్సింది అతనే. మీరు పక్కనుండి కాగితాలు సిద్ధం చేయండి. డిశ్చార్జ్ సమ్మరీలో ఏం వచ్చింది, ఎన్ని రోజులు, ఏ మందులు అన్నీ ఉంటాయి. దానికి తోడు ఇప్పటి స్థితి తెలిపే కాగితం కావాలి. ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ అనే ఊది చూసే ఊపిరి పరీక్ష, నడక పరీక్ష, అవసరమంటే స్కాన్. తీవ్రమైన న్యుమోనియా తర్వాత చాలామందిలో మొదటి ఏడాదిలో ఊపిరి బాగా మెరుగుపడుతుంది. నీరసం, కండ తగ్గడం ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. ఒకవేళ పరీక్షలో మచ్చలు మిగిలాయని తేలితే అదీ చెప్పాలి, ముహూర్తం కొన్ని నెలలు వెనక్కి జరిపినా తప్పులేదు.

చెప్పాక వాళ్లు వెనక్కి వెళ్లొచ్చు. ఆ అవకాశం నిజంగానే ఉంది, తమ్ముడికి ఆ బాధ తప్పదు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మళ్లీ వస్తుందా, పిల్లలకు వస్తుందా" అనే. ఫ్లూ ఎవరికైనా మళ్లీ వస్తుంది, టీకా వేయించుకుంటున్నాడు, జ్వరమొస్తే రెండో రోజు దాటకుండా డాక్టరు దగ్గరికి వెళ్తాడు, పిల్లలకు వంశపారంపర్యంగా వచ్చే జబ్బు అని ఏ డాక్టరూ చెప్పలేదు అని సమాధానం. మేనరికం ప్రశ్నకు మీ జవాబు అవును అయితే మాత్రం చివరి మాట ఇప్పుడే అనకండి, జెనెటిక్స్ డాక్టర్ని కలిశాక అనండి.

శ్రావణానికి ఎంతో సమయం లేదు. మంచి ఊపిరితిత్తుల డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్ దొరకడానికే రోజులు పడుతుంది, గుంటూరులో ఆలస్యమైతే మంగళగిరి ఎయిమ్స్‌లో అడగండి. పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు ఆసుపత్రి వాళ్ల దగ్గరే ఉండిపోయి ఉంటే ముందు అవి తెప్పించుకోండి, పోల్చి చూడటానికి అవి కావాలి.